మన పంచాయతీ పద్దు పది మందికీ అర్థమయ్యేలా రాసుకోవడం ఎలా

చంద్రగిరి దగ్గర మా పంచాయతీలో గ్రామసభ ఎప్పుడు జరిగినా ఒకటే తంతు. సెక్రటరీ గారు కాగితం తీసి సాధారణ నిధి ఇంత, ఆర్థిక సంఘం నిధులు ఇంత, పారిశుద్ధ్యం ఇంత అని చదువుతారు, పది నిమిషాల్లో అయిపోతుంది, రిజిస్టర్లో సంతకాలు పెట్టి అందరూ లేస్తారు. దాచిందేమీ లేదు, అంతా పైకే చదివారు. కానీ ఇంటికొచ్చాక "ఏం చెప్పినారు?" అని అడిగితే ఒక్కరికీ ఒక్క అంకె గుర్తుండదు. నాకూ ఉండేది కాదు.

రెండేళ్ల కిందట ఆ కాగితం జిరాక్స్ తీసుకుని మా వీధి పొదుపు సంఘం మీటింగుకి వెళ్లాను. రెవెన్యూ ఖర్చంటే ఇదీ, మూలధన వ్యయమంటే ఇదీ అని పాఠం చెప్పేద్దామని పాయింట్లు కూడా రాసుకున్నాను. సంఘం లీడరు అక్క కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లజోడు పైకి తోసుకుని, నేను నోరు తెరవకముందే అడిగింది: "ప్రారంభ నిల్వ యాడుంది నాయనా?" ఇరవై ఏళ్లుగా సంఘం పుస్తకం రాస్తున్న మనిషి. ఏ లెక్కైనా పోయిన నెల మిగిలిన డబ్బుతోనే మొదలవ్వాలని ఆమె చేతికి అలవాటు. మేం తెచ్చిన కాగితం మాత్రం ఈ ఏడాది జమతో నేరుగా మొదలైంది, నిల్వ చూపించే పేజీ జిరాక్స్‌లో రానేలేదు. కాగితం నా దగ్గర వారం రోజులుంది, నాకా ప్రశ్నే తట్టలేదు.

అప్పటి నుంచి నాకొకటి గట్టిగా అనిపిస్తోంది. పద్దును సులువుగా చెప్పే పని ఆఫీసుకు వదిలేసినా, ఊళ్లో చదువుకున్న ఒక్కరికి అప్పగించినా కుదరదు. ఎవరి కోసం రాస్తున్నామో వాళ్లు కూర్చుని రాస్తేనే అది వాళ్లకు అర్థమవుతుంది. మేం అలా చేసి చూశాం, తప్పులూ చేశాం. మీ ఊళ్లోనో మీ వార్డులోనో మొదలుపెట్టాలనుకుంటే ఇలా చేయండి.

మొదట, ఏ పద్దో తేల్చుకోండి

తిరుపతి చుట్టుపక్కల ఈ గందరగోళం ఎక్కువ. ఒకే టీ అంగడి దగ్గర కేంద్రం డబ్బు, రాష్ట్రం డబ్బు, జిల్లా పరిషత్ డబ్బు, కార్పొరేషన్ డబ్బు, దేవస్థానం డబ్బు అన్నీ కలిపేసి మాట్లాడతాం. టీటీడీ బడ్జెట్ 2025-26కి 5,258.68 కోట్లని పేపర్లో చూసి, "అంత డబ్బుండి మా వీధిలో కాలువ ఎందుకు తీయరు?" అని అడిగేవాళ్లు మా దగ్గరే ఉన్నారు. అది దేవస్థానం ట్రస్టు బోర్డు ఆమోదించే వేరే పద్దు. మీ వీధి కాలువ పంచాయతీ పద్దులోనో కార్పొరేషన్ పద్దులోనో ఉంటుంది. అందుకని మొదటి రోజే ఒక తెల్లకాగితం మీద, మా వీధిలో ఏ పని ఎవరి డబ్బుతో జరుగుతుంది అని రాయించండి. మంచినీళ్లు, వీధి దీపాలు, కాలువలు, చెత్త, అంగన్‌వాడీ, బడి, రోడ్డు. ఈ ఒక్క జాబితాకే ఒక పూట పడుతుంది, పట్టనివ్వండి.

రాష్ట్ర బడ్జెట్‌తో మాత్రం మొదలుపెట్టొద్దు. అది కొండంత. మీ ఇంటి ముందు కనిపించే పని ఒకటి, మహా అయితే రెండు పట్టుకోండి. మేం వీధి దీపాలు, చెత్త పట్టుకున్నాం.

మనుషులను కూర్చోబెట్టడం

పది, పన్నెండు మంది చాలు. కానీ ఆ పన్నెండు మంది ఒకే రకం మనుషులైతే లాభం లేదు. పొదుపు సంఘం పుస్తకం రాసే ఆమె కచ్చితంగా ఉండాలి. లైసెన్సు ఫీజు కట్టే అంగడి ఆయన, మోటారు వేసే పంపు ఆపరేటరు, చెత్త తీసే పారిశుద్ధ్య కార్మికులు ఒకరిద్దరు, రిటైరైన టీచరు, ఫోన్లో వెతకడం వచ్చిన డిగ్రీ పిల్లలు, ఒక రైతు. పారిశుద్ధ్య కార్మికులను పిలవడం చాలామంది మర్చిపోతారు. బ్లీచింగ్ పౌడరు ఎన్ని మూటలు వచ్చిందో, ట్రాక్టరు ఎన్ని రోజులు తిరిగిందో మనకు కాగితంలో కనిపిస్తుంది, వాళ్లకు కళ్లతో తెలుసు.

రోజు చూసుకుని పెట్టుకోండి. జూన్, జూలైలో తోతాపురి కోతలప్పుడు చిత్తూరు వైపు పల్లెల్లో ఎవరూ రారు, కాయ దింపడం, ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరు లైన్లో పడిగాపులు పడటమే సరిపోతుంది. మేలో గంగమ్మ జాతర వారం తిరుపతిలో అసలు మాట్లాడే పనే లేదు. పొదుపు సంఘం నెల మీటింగు ఎలాగూ జరుగుతుంది కదా, దాని చివర్లో గంట అడిగి తీసుకోవడం అన్నిటికంటే సులువు.

మీటింగులో అంకెలు ముందే చూపించకండి. ఇది మేం దెబ్బతిని నేర్చుకున్నాం. కాగితం ముందు పెడితే జనం నోరు కట్టేసుకుంటారు, "మాకేం తెలుసు సార్, మీరు చెప్పండి" అంటారు. ముందు ప్రశ్నలు అడగనివ్వండి. ఒక్కొక్కరు ఒక్క ప్రశ్న, వాళ్ల మాటల్లో, ఎవరైనా ఒకరు రాసుకోవాలి. మా దగ్గర వచ్చినవి ఇవీ: ఇంటిపన్ను కడుతున్నాం, అది ఊళ్లోనే ఉంటుందా పైకి పోతుందా? లైటు పోయి మూడు నెలలైంది, బల్బుకు డబ్బుల్లేవా, మనిషి లేడా? సంత వేలంపాట డబ్బు ఏ ఖాతాలో పడుతుంది? ట్రాక్టరు రిపేరుకు ఎంతైంది? మీరు తయారు చేయబోయే కాగితానికి ఈ ప్రశ్నలే హెడ్డింగులు. ఆఫీసు కాగితంలో ఉన్న పద్దుల వరుస మనకక్కర్లేదు.

కాగితాలు తెచ్చుకోవడం

పంచాయతీ అయితే ఫోన్లోనే మొదలుపెట్టొచ్చు. 2020 ఏప్రిల్ 24న మొదలైన ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్లో రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, వచ్చిన డబ్బు, పెట్టిన ఖర్చు కనిపిస్తాయి. మేరీ పంచాయత్ అనే యాప్ కూడా ఉంది. మా ఏరియా వాళ్లు 2022లో జిల్లా మారిన సంగతి గుర్తుపెట్టుకుని పాత సంవత్సరాల కాగితాలను ఉమ్మడి చిత్తూరు కింద, కొత్తవాటిని తిరుపతి జిల్లా కింద వెతకాలి.

తర్వాత సచివాలయానికి వెళ్లి సెక్రటరీ గారిని మర్యాదగా అడగండి. "లెక్కలు చూపించండి" అంటే ఎవరికైనా గుచ్చుకుంటుంది. "గ్రామసభలో జనానికి అర్థమయ్యేలా ఒక పేజీ రాస్తున్నాం, మీరే సాయం చేయాలి సార్" అంటే సగం మంది ఇచ్చేస్తారు. వార్షిక లెక్కలు, ఆడిట్ రిపోర్టు గ్రామసభ ముందు పెట్టాలని 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది కాబట్టి మీరు అడిగేది కొత్తదేమీ కాదు.

ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు, కాపీలకు మామూలు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లొచ్చు. అడిగేటప్పుడు "పంచాయతీ ఖర్చుల వివరాలు ఇవ్వండి" అని గంపగుత్తగా రాయకండి, జవాబు కూడా అలాగే వస్తుంది. గత మూడేళ్ల బడ్జెట్ అంచనా, అసలు ఖర్చు, ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ, ఇంటిపన్ను డిమాండ్, వసూలు, బాకీ చూపించే డీసీబీ, ఫలానా పనికి ఎస్టిమేట్, చేసిన పని కొలతలు రాసే ఎం బుక్ కాపీ, ఇలా పేరు పెట్టి అడగాలి. ఒక ఆఫీసులో నేను మొదటిసారి గంపగుత్తగానే అడిగాను, నెల తర్వాత నాలుగు లైన్ల ఉత్తరం వచ్చింది, మళ్లీ మొదటి నుంచి తిరగాల్సి వచ్చింది. ఎందుకు కావాలో కారణం చెప్పాలని ఎవరైనా అంటే, దరఖాస్తుదారు కారణం చెప్పనక్కర్లేదని ఆ చట్టమే అంటుంది, కోపం తెచ్చుకోకుండా ఆ ముక్క చెప్పండి.

మాటలు మార్చడం

ఇక్కడ డిక్షనరీ పక్కన పెట్టి పొదుపు సంఘం పుస్తకం తెరవండి. జమ, ఖర్చు, నిల్వ, బాకీ, అప్పు, వడ్డీ. ఈ ఆరు మాటలతో పంచాయతీ పద్దులో చాలా భాగం చెప్పేయొచ్చు. రెవెన్యూ ఖర్చంటే ప్రతి నెలా అయ్యేది, జీతాలు, కరెంటు బిల్లు, మోటారు రిపేరు. మూలధన వ్యయమంటే ఒకసారి పెడితే ఏళ్ల తరబడి ఉండేది, ట్యాంకు, సిమెంటు రోడ్డు, కాలువ. ఇంట్లో సరుకులు తేవడానికీ బోరు వేయించడానికీ ఎంత తేడానో అంత తేడా. బడ్జెట్ అంచనా అంటే ఏడాది మొదట్లో అనుకున్నది. సవరించిన అంచనా అంటే మధ్యలో దిద్దుకున్నది. వాస్తవ ఖర్చంటే జేబులోంచి నిజంగా పోయింది. అసలు మన రాజ్యాంగంలో కూడా బడ్జెట్ అనే మాట లేదు, 'వార్షిక ఆర్థిక నివేదిక' అని ఉంటుంది, కాబట్టి ఆ ఇంగ్లీషు మాట చూసి ఎవరూ బెదరక్కర్లేదు.

ఇంటి ఖర్చుతో పోలిక చాలా దూరం పనిచేస్తుంది గానీ ప్రభుత్వ అప్పు దగ్గర ఆగిపోతుంది. ప్రభుత్వం పన్ను పెంచగలదు, యాభై ఏళ్ల అప్పు తీసుకోగలదు, ఇల్లు అలా చేయలేదు. "ఇంట్లో అప్పు తప్పయితే ప్రభుత్వానికీ తప్పే" అని మీ కాగితంలో రాయకండి, అది సులువుగా ఉంటుంది గానీ నిజం కాదు. ఏ పనికి అప్పు తెచ్చారు, ఆ పని ఏళ్ల తరబడి ఉపయోగపడుతుందా అని అడగడం వరకే ఉండండి.

చిత్తూరు జిల్లాలో ఇంకో సంగతి ఉంది. చాలా ఇళ్లలో తమిళం, ఉర్దూ మాట్లాడతారు, తెలుగు చదవడం రాకపోవచ్చు. కాగితం తెలుగులోనే వేయండి, కానీ వాళ్ల వీధిలో వాళ్ల భాషలో పైకి చదివి చెప్పే మనిషిని ముందే చూసి పెట్టుకోండి.

అంకెలను చిన్నవి చేయడం

ముందు పేజీ పైన మూలలో ఏముందో చూడండి. "రూపాయలు లక్షల్లో" అనో "వేలల్లో" అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మొదటి ఏడాది నేను అది చూడకుండా ఒక అంకెను తప్పు చదివాను, కాగితం రామాలయం గోడకు అంటించేశాం కూడా. పంపు ఆపరేటరు అన్న వచ్చి "మా మోటారు రిపేరుకి అంత డబ్బా? ఆ డబ్బుకి కొత్తవి పది వస్తాయి" అంటే అప్పుడు చూసుకున్నాం. చించేసి సరిదిద్ది మళ్లీ అంటించాం, "నిన్నటి కాగితంలో ఈ అంకె తప్పు" అని కింద రాసి మరీ. అది రాయడానికి చాలా కష్టంగా అనిపించింది, కానీ అలా రాసినందుకే సెక్రటరీ గారు ఆ తర్వాత మమ్మల్ని నమ్మారు.

తర్వాత ప్రతి పెద్ద అంకెనూ ఇంటికి, నెలకు తెండి. ఒక పంచాయతీకి ఏడాదికి 36 లక్షల జమ, 1,000 ఇళ్లు అనుకుందాం. ఇంటికి ఏడాదికి 3,600, నెలకు 300. అందులో పారిశుద్ధ్యం 9 లక్షలైతే ఇంటికి నెలకు 75 రూపాయలు. 9 లక్షలంటే ఎవరికీ ఏమీ అనిపించదు, నెలకు 75 రూపాయలకు మా ఇంటి ముందు చెత్త ఎన్నిసార్లు తీశారు అని మాత్రం ప్రతి ఒక్కరూ వేళ్ల మీద లెక్కపెడతారు. రాష్ట్రాన్నైనా ఇలాగే చూడొచ్చు. 2025-26కి ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ సుమారు 3,22,359 కోట్లు. మనం ఐదు కోట్ల మందిమి అనుకుంటే తలకు 64 వేల పైచిలుకు. అందులో మూలధన వ్యయం 40,635 కోట్లు, అంటే తలకు 8 వేల చిల్లర. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ భాగాహారం అప్పగించండి, క్యాలిక్యులేటర్ వద్దు, పలక మీద చేయించండి, అందరూ చూస్తుండగా.

మూడు గడులు

మొత్తం పనిలో అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే, మీకు టైమ్ లేకపోతే మిగతావన్నీ వదిలేసి ఇదొక్కటైనా చేయండి. చార్టు మీద మూడు గడులు గీయండి: అనుకున్నది, దిద్దుకున్నది, ఖర్చయింది. ఉదాహరణకు వీధి దీపాలకు 4 లక్షలు అనుకున్నారు, మధ్యలో రెండున్నర లక్షలకు దిద్దారు, చివరికి 1,80,000 ఖర్చయింది అనుకుందాం. పేపర్లో వచ్చేదీ, సభలో చప్పట్లు కొట్టించుకునేదీ మొదటి గడి. మన వీధిలో లైటు వెలిగిందా లేదా చెప్పేది మూడో గడి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మూడో గడి చిన్నగా కనిపించగానే ఎవరో ఒకరు "తినేసినారు" అంటారు. ఆపండి. ఖర్చు కాని డబ్బు, తిన్న డబ్బు ఒకటి కావు. ఎందుకు మిగిలిందో వెతికితే చాలాసార్లు వేరే కారణాలు బయటపడతాయి. ఇంటిపన్ను అనుకున్నంత వసూలు కాలేదు, అంటే డబ్బే రాలేదు. పని అయింది గానీ బిల్లు మంజూరు కాలేదు. ఎస్టిమేట్ వేయాల్సిన ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజినీరుకి, నాలుగు పంచాయతీలు ఉన్నాయి. లేదా ఆ డబ్బు వేరే పనికి వాడకూడని డబ్బు.

ఈ చివరిది మా ఊళ్లో పెద్ద గొడవే చేసింది. ఖాతాలో డబ్బుంది, రోడ్డు వేయండి అంటే వేయరేం అని. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకిచ్చే గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే ముడిపెట్టింది. మిగతా 40 శాతం ఊరి అవసరానికి వాడుకోవచ్చు గానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదని చెప్పింది. ఈ సంగతి చెప్పడానికి మా సంఘం అక్క ఒక పద్ధతి కనిపెట్టింది. మూడు డబ్బాలు తెచ్చింది, ఒకదాని మీద నీళ్లు, ఒకదాని మీద చెత్త-కాలువ, మూడోదాని మీద మన ఇష్టం అని కాగితం అంటించింది. వంద చింతగింజలు తీసుకుని ముప్పై, ముప్పై, నలభై వేసింది. "ఇప్పుడు రోడ్డుకు యాడ నుంచి తీస్తారో తీయండి" అంది. అప్పటిదాకా అరుస్తున్న ఆయన లేచి వచ్చి మూడో డబ్బాలో చెయ్యి పెట్టాడు, గింజలు లెక్కపెట్టి, ఇవి సరిపోవు కదా అన్నాడు. నేను గంట చెప్పినా ఆయనకు ఎక్కనిది చింతగింజలతో ఎక్కింది.

ఒక్క పేజీ రాసి, పరీక్ష పెట్టడం

ఒకటే పేజీ. ప్రశ్న పైన, జవాబు కింద, అంకె పెద్దగా, ఏ కాగితం నుంచి తీసుకున్నారో, ఏ తేదీదో చిన్నగా. చేతిరాత అయినా పర్లేదు, అడుగు దూరం నుంచి కనిపిస్తే చాలు. రాశాక మీ గుంపులో లేని ఒకరికి, అంటే పాలు పోయడానికి వచ్చిన అవ్వకో ఆటో అన్నకో చూపించి, "అర్థమైందా?" అని మాత్రం అడగకండి, అందరూ అయిందనే అంటారు. "నాకు చెప్పు అవ్వా, ఇందులో ఏముంది?" అని అడగండి. ఆమె ఎక్కడ ఆగిందో అక్కడ మీ రాత బాలేదని అర్థం. మేం ఐదుగురికి చూపించి మూడుసార్లు మార్చాం.

గోడకు అంటించే ముందు సెక్రటరీ గారికి, సర్పంచికి ఒక కాపీ ఇచ్చి తప్పులుంటే చెప్పమనండి, రెండు రోజులు గడువివ్వండి. ఇది అనుమతి అడగడం కాదని మొదటే చెప్పేయండి.

చదవలేనివాళ్ల కోసం పైకి చదవాలి. మన తెలుగు నేలకు ఇది కొత్త కాదు, 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో ఊరి పిల్లలే మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ తిరిగి, గ్రామసభలో చదివి, మండలంలో ప్రజావేదిక పెట్టేవాళ్లు. ఎవరి పేరు మీద ఎన్ని రోజుల కూలి రాశారో వాళ్ల ముందే చదివితే "నేను ఆ వారం పనికే పోలేదు" అని అక్కడికక్కడే తేలేది. మీ ఊళ్లో ఆ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే వెతికి పట్టుకోండి, వాళ్లకు మించిన సాయం దొరకదు.

సభకు తీసుకెళ్లడం

పేజీ తయారై మార్చిలో గోడకెక్కితే ఉపయోగం తక్కువ, అప్పటికి అన్నీ అయిపోయి ఉంటాయి. వచ్చే ఏడాది పంచాయతీ ప్రణాళిక కసరత్తు 2018 నుంచి ప్రతి ఏటా అక్టోబరు 2 దగ్గర మొదలవుతోంది. అంటే మీ పేజీ సెప్టెంబరుకల్లా చేతిలో ఉండాలి, పని ఆగస్టులో మొదలవ్వాలి. సభలో ఉపన్యాసం వద్దు. మూడు గడులు చూపించి ఒకటి, రెండు ప్రశ్నలు అడగండి, వచ్చే ఏడాదికి ఏం కావాలో చెప్పండి, అది తీర్మానం పుస్తకంలో రాసేదాకా కూర్చోండి. మాట్లాడే అవకాశం పుస్తకం రాసే అక్కకో కార్మికుడికో ఇవ్వండి, మీరు పక్కన ఉండండి.

తిరుపతి, చిత్తూరు కార్పొరేషన్లలో ఉండేవాళ్లకు దారి కొంచెం వేరు. రెండు చోట్లా 50 డివిజన్లు, వార్డు సచివాలయాలు ఉన్నాయి. అక్కడ ఆస్తిపన్నుతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే 2021 నుంచి పాత అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు, ప్రతి ఇంట్లో నోటీసు ఉంది, ప్రతి ఒక్కరికీ దాని మీద ప్రశ్న ఉంది. మీ వీధిలో పది నోటీసులు పోగేస్తే మీ వీధి కార్పొరేషన్‌కు ఏడాదికి ఎంత కడుతోందో తెలుస్తుంది, మీ వీధికి ఎంత తిరిగొచ్చిందో అడగడానికి అదే ఆధారం. పుణె కార్పొరేషన్ 2006 నుంచి పౌరుల దగ్గర తమ ప్రాంతంలో కావాల్సిన చిన్న పనుల సూచనలు తీసుకుని బడ్జెట్లో చేరుస్తోంది. మీ కార్పొరేటర్‌ని, కమిషనర్‌ని ఆ ఉదాహరణతోనే అడగండి, జనవరి లోపల. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి.

సభ అయిపోయాక చార్టు చుట్టి పొదుపు సంఘం బీరువాలోనే పెట్టండి, మీ ఇంటికి తీసుకెళ్లొద్దు. చుట్టే ముందే వచ్చే ఏడాది పద్దుకు అందులో కొత్తగా మూడు గడులు గీసి, మొదటిది నింపి, మిగతా రెండూ ఖాళీగా వదిలి, మూడో గడి పక్కన పెన్సిల్‌తో తేదీ రాయండి. మాది ఏప్రిల్ రెండో శనివారం. ఆ రోజు సంఘం మీటింగులో మొదటి పని ఆ గడి నింపడమే.